తాళంచెవి ఎవరి చేతికివ్వాలి?

(మా వాడ అంబేద్కర్ యువజన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవాళ మన ముందున్నది చూడ్డానికి చిన్న విషయం. ఒక తాళంచెవి విషయం. మన కమ్యూనిటీ హాల్లో రాత్రి బడి నడుపుతున్నాం. సాయంత్రం ఆరున్నరకి హాలు తెరవాలి, ఊడ్వాలి, లైట్లు వెయ్యాలి. తొమ్మిదింటికి ఆడపిల్లల్ని ఇళ్ళకి చేర్చి తాళం వెయ్యాలి. ఆ పని తాను చేస్తానని మన మిలిటరీ అన్న అడిగాడు. అడిగినప్పట్నుంచీ వాడ రెండుగా చీలింది. "జైలుకి పోయొచ్చినోడికి పిల్లల్ని అప్పజెప్తారా?" అని కొందరు. "మానేశానంటున్నాడు గదా, చూద్దాం" అని కొందరు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. అందుకే ఇంత పొద్దుపోయినా కూర్చున్నాం.

ఆయన అదిగో, వెనక వరసలోనే ఉన్నాడు. ఆయన్ని అడిగి, ఆయన సరేనన్నాకే ఈ మాటలు మాట్లాడుతున్నాం. మనిషి లేనప్పుడు మనిషి గురించి మాట్లాడే పద్ధతి మనకొద్దు.

ఆయన కథ మీకు తెలియంది కాదు. పద్దెనిమిదేళ్ళకే భర్తీలో పరుగు గెలిచి సైన్యంలోకి పోయాడు. మన వాడలో మొదటి సర్కారు జీతం ఆయనదే. సెలవుకి వస్తే మేము పిల్లలం ఆయన ట్రంకుపెట్టె చుట్టూ మూగేవాళ్ళం. కాశ్మీరులో పనిచేశాడు, ఈశాన్యంలో పనిచేశాడు. పక్కన నడిచే జతగాడు మందుపాతర మీద కాలేసి చచ్చిపోతే కళ్ళారా చూశాడు. ఆనాటి నుంచి ఆయనకి నిద్ర పోయింది. నిద్ర కోసం రమ్ము పట్టాడు. తాగుడు మీద శిక్షలు పడ్డాయి. పింఛనుకి కావాల్సిన పదిహేనేళ్ళు నిండకముందే ఇంటికి పంపించేశారు. ఇంటికొచ్చాక రమ్ము పోయి చీప్ లిక్కర్ వచ్చింది. ఒక రాత్రి తాగిన మైకంలో, చేనుగట్టు తగాదాలో, మన తమ్ముణ్ణే గడ్డపారతో కొట్టాడు. ఆ తమ్ముడి కుడికాలు ఈనాటికీ సరిగా ఆనడం లేదు. మిలిటరీ అన్న నాలుగేళ్ళు సెంట్రల్ జైల్లో ఉండి వచ్చాడు. ఆ నాలుగేళ్ళూ వదిన నాట్లకి పోయి, మిరపకోతకి పోయి ఇద్దరు పిల్లల్ని పెంచింది. వచ్చి రెండేళ్ళ పైన అయింది. చుక్క ముట్టలేదని వదినే చెబుతోంది.

ముందుగా మా తప్పు మేము చెప్పుకోవాలి. జైలు నుంచి వచ్చిన కొత్తల్లో ఆయన బడి అరుగు మీద వచ్చి కూర్చునేవాడు. పిల్లల్ని చూస్తూ కూర్చోవడం తప్ప ఇంకేమీ చేసింది లేదు. "ఇక్కడ కూర్చోవద్దన్నా, పిల్లలు భయపడతారు" అని లేపేసింది మేమే. పిల్లలు భయపడలేదు. భయపడింది మేము. మా నాన్న ఒకప్పుడు ఊరి బడి అరుగు ఎక్కితే దిగమన్నారని వేదికలెక్కి చెప్పే మేము, మరో దళితుణ్ణి అదే అరుగు మీంచి దింపాం. ఆ సిగ్గు లోపల పెట్టుకునే, ఈ నాలుగు నెలల్లో కాస్త చదివాం. చదివింది మీతో పంచుకుంటాం.

నల్ల సైనికుల అనుభవం

మేము చదివింది అమెరికా సంగతి. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్లజాతి సైనికుల సంగతి. "మన వాడ గొడవకి అమెరికా ఎందుకు పంతులూ?" అంటారేమో. నల్లవాళ్ళకీ మనకీ బంధుత్వం కొత్తది కాదు. బాబాసాహెబ్ 1946లోనే అక్కడి నల్ల మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. 1966లో అక్కడ బ్లాక్ పాంథర్స్ పుట్టారు, 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టారు. సైన్యానికీ మనకీ ఉన్న సంబంధం కూడా అలాంటిదే. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు. బాబాసాహెబ్ పుట్టింది మౌ కంటోన్మెంటులో. కావాల్సినప్పుడు మహర్లను వాడుకున్న ఇంగ్లీషువాళ్ళే 1890లలో మీరు యుద్ధజాతి కాదు పొమ్మన్నారు. మళ్ళీ యుద్ధం వచ్చి మనుషులు కావాల్సొచ్చినప్పుడు, 1941లో, మహర్ రెజిమెంటు పెట్టారు. అవసరానికి పిలవడం, అవసరం తీరాక పొమ్మనడం మన అనుభవం. నల్లవాళ్ళ అనుభవమూ అదే.

1966లో అమెరికా రక్షణమంత్రి మెక్‌నమారా ఒక పథకం పెట్టాడు. అంతకుముందు పరీక్షల్లో తప్పారని సైన్యంలోకి తీసుకోని పేద పిల్లల్ని తీసుకుంటామన్నాడు. చదువు చెప్తాం, పని నేర్పుతాం, పేదరికం పోగొడతాం అన్నాడు. 1971 దాకా మూడున్నర లక్షల మందిని తీసుకున్నారు. వాళ్ళలో సుమారు 40 శాతం నల్లవాళ్ళు. ఆ దేశ జనాభాలో నల్లవాళ్ళు 11 శాతం. చదువూ పనీ చాలామందికి అందనే లేదు, తుపాకి మాత్రం అందింది. యుద్ధం మొదటి సంవత్సరాల్లో చచ్చిపోయిన అమెరికా సైనికుల్లో ఐదో వంతుకి పైగా నల్లవాళ్ళే. నేను పోనని చెప్పిన ముహమ్మద్ అలీకి 1967లో ఐదేళ్ళ శిక్ష వేశారు, బాక్సింగ్ లైసెన్సులు లాక్కున్నారు. 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసేదాకా ఆయన పోరాడాల్సొచ్చింది. అంత పేరున్నవాడికే అలా జరిగితే పేరు లేనివాళ్ళ సంగతి చెప్పేదేముంది?

పోయినవాళ్ళకి అక్కడ కూడా రంగు తప్పలేదు. లాంగ్ బిన్ అనే చోట అమెరికా సైన్యం తన సైనికుల కోసమే పెట్టుకున్న జైలు ఉండేది. అందులో ఎక్కువమంది నల్లవాళ్ళే. 1968 ఆగస్టులో ఆ ఖైదీలు తిరగబడ్డారు. ఆ ఏడు ఏప్రిల్లోనే స్వదేశంలో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు.

యుద్ధం చివరి ఏళ్ళలో వియత్నాంలో హెరాయిన్ మంచినీళ్ళలా దొరికింది. చవగ్గా, కల్తీ లేకుండా. భయం పోవడానికి, పొద్దు పోవడానికి, నిద్రపట్టడానికి కుర్రాళ్ళు పీల్చారు. 1971లో ఇద్దరు కాంగ్రెస్ సభ్యులు పోయి చూసొచ్చి, నూటికి పదీ పదిహేను మంది సైనికులు హెరాయిన్ వాడుతున్నారని చెప్పారు. దేశం గగ్గోలెత్తింది. ఈ మత్తుబానిసలంతా ఇంటికొస్తే వీధులేమైపోతాయని భయపడింది. అప్పుడు ప్రెసిడెంటు నిక్సన్ మత్తుమందే దేశానికి మొదటి శత్రువన్నాడు. మూత్రపరీక్షలో నెగ్గినవాణ్ణే ఇంటికి పోయే విమానం ఎక్కనిచ్చారు.

లెక్క తీస్తే తేలింది వేరు

ఇక్కడ జాగ్రత్తగా వినండి. మా మాటకి ప్రాణం ఇదే.

లీ రాబిన్స్ అనే పరిశోధకురాలితో ప్రభుత్వమే ఒక లెక్క తీయించింది. 1971 సెప్టెంబరులో తిరిగొచ్చిన సైనికుల్లోంచి కొన్ని వందలమందిని ఎంచుకుని, 1972లో ఒకసారి, 1974లో ఒకసారి ఇళ్ళకి పోయి మాట్లాడారు, మూత్రపరీక్షలూ చేశారు. అక్కడ ఉండగా నూటికి 20 మంది తాము బానిసలమయ్యామని ఒప్పుకున్నారు. ఇళ్ళకొచ్చాక ఆ బానిసలైనవాళ్ళలో మొదటి ఏడాది మళ్ళీ బానిసలైంది నూటికి ఐదుగురు. మూడేళ్ళు కలిపి చూసినా నూటికి 12 మంది. మిగతావాళ్ళలో ఎక్కువమంది ఏ వైద్యమూ లేకుండానే బయటపడ్డారు. హెరాయిన్ ఒకసారి పట్టిందంటే కాటికి పోయేదాకా వదలదని అప్పటిదాకా డాక్టర్లే నమ్మేవాళ్ళు. మొదట్లో ఈ లెక్కని చాలామంది నమ్మలేదు.

దీని అర్థమేమిటి? మత్తు అంటే ఒట్టి మందు కాదు. మనిషి ఎక్కడున్నాడు, ఎవరి మధ్య ఉన్నాడు, చేతిలో పనుందా, పొద్దున్నే లేవడానికి ఒక కారణముందా అన్నవన్నీ అందులో ఉన్నాయి. చోటు మారితే, చుట్టూ మనుషులు మారితే, చాలామంది మారారు.

అయితే ఇందులోంచి తప్పు పాఠం తీసుకోవద్దు. తలచుకుంటే ఎవడైనా మానేస్తాడని కాదు. తాగుడికి వైద్యం కావాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే వణుకొస్తుంది, కొందరికి ఫిట్సొస్తాయి, లేని మనుషులు కనిపిస్తారు, ప్రాణం మీదికీ రావచ్చు. మిలిటరీ అన్నని అడగండి, జైల్లో మొదటి వారం ఎలా గడిచిందో ఆయనే చెబుతాడు. కాబట్టి మన ఇళ్ళల్లో ఎవరు మానాలన్నా ముందు ఆస్పత్రికి తీసుకుపోండి. గదిలో పెట్టి గడియ వేసి మాన్పిద్దామనుకోవద్దు.

ఇంకో సంగతి. చోటు మారితే మనిషి మారతాడు సరే. తిరిగి చేరే చోటే మారకపోతే? నల్ల సైనికుడు తిరిగొచ్చింది ఏ చోటికి? పని దొరకని పేటకి, పోలీసు కాపలా కాసే వీధికి. డ్వైట్ జాన్సన్ అనే నల్ల సైనికుడుండేవాడు. డెట్రాయిట్ నగరంవాడు. 1968లో యుద్ధంలో చూపిన సాహసానికి ఆ దేశపు అత్యున్నత పతకం, మెడల్ ఆఫ్ ఆనర్, ప్రెసిడెంటు చేతుల మీదుగా అందుకున్నాడు. అంతకుముందు ఊళ్ళో పని కోసం తిరిగితే ఎవరూ ఇవ్వలేదు. పతకం వచ్చాక సభలకి పిలిచి దండలేశారు, నల్లపిల్లల్ని సైన్యంలో చేర్పించడానికి ఆయన్ని వాడుకున్నారు. మనసు చెదిరింది, అప్పులు పెరిగాయి. 1971 ఏప్రిల్లో ఒక కొట్టు దోచుకోబోయాడని కొట్టువాడే కాల్చి చంపాడు. దేశ వీరుల శ్మశానంలో పూడ్చిపెట్టారు. బతికుండగా పని ఇవ్వనివాళ్ళు చచ్చాక జాగా ఇచ్చారు.

కాగితం మీద అంకె

నల్ల సైనికుణ్ణి తొక్కిన రెండో బండ ఒక కాగితం. సైన్యం నుంచి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం ఇస్తారు. "గౌరవంగా పంపాం" అని ఉంటే వైద్యం, చదువు ఖర్చు, ఇంటి అప్పు అన్నీ వస్తాయి. అంతకు తక్కువైతే ఎంత తక్కువో అంత కోత. మరీ తక్కువైతే ఏదీ రాదు. వియత్నాం కాలంలో ఐదు లక్షలమందికి పైగా గౌరవం తక్కువ కాగితాలతో ఇంటికొచ్చారు. మత్తు వాడాడని, ఎదురు మాట్లాడాడని, చెప్పకుండా పోయాడని ఇచ్చినవే చాలా. ఆ దెబ్బ నల్లవాళ్ళకి వాళ్ళ వాటాకి మించి తగిలింది. అంటే ఎవరికి వైద్యం ఎక్కువ అవసరమో వాళ్ళకే ఆస్పత్రి తలుపు మూశారు.

అంతటితో ఆగలేదు. అదే కాగితం మీద ఒక మూల చిన్న అంకె వేసేవాళ్ళు. అది రహస్య సంకేతం. కాగితం పట్టుకున్న సైనికుడికి దాని అర్థం తెలియదు. పని ఇచ్చే యజమానులు మాత్రం దాని అర్థం సంపాదించారు. కాగితం చూపిస్తే, అంకె చూసి, పని లేదు పొమ్మనేవాళ్ళు. కుర్రాడికి ఎందుకు పొమ్మన్నారో తెలిసేది కాదు. 1974లో ఆ అంకె వేయడం మానుకున్నారు. అయ్యలారా, ఈ అంకె సంగతి ఎవరికి తెలియకపోయినా మనకి తెలుసు. మన ఇంటిపేరు అడిగి, ఊళ్ళో ఎటువైపు ఇల్లని అడిగి, ఆ తర్వాత "గది ఖాళీ లేదు" అన్నవాళ్ళని మనం చూడలేదా?

మూడో బండ చట్టం. 1973లో న్యూయార్క్ రాష్ట్రంలో గవర్నర్ రాక్‌ఫెల్లర్ చట్టం తెచ్చాడు. రెండు ఔన్సుల హెరాయిన్, అంటే 57 గ్రాములు, అమ్మితే కనీసం 15 ఏళ్ళు, గరిష్ఠం యావజ్జీవం. పెద్ద వ్యాపారి దొరకలేదు, వీధి మూలన నిలబడ్డ నల్లకుర్రాడు దొరికాడు. ఆ చట్టాన్ని 2004లో కొంత, 2009లో చాలావరకు సడలించేసరికి ఒక తరం జైళ్ళలో గడిచిపోయింది. 1978లో అమెరికా జైళ్ళ లెక్క తీస్తే ఖైదీల్లో 24 శాతం ఏదో ఒక కాలంలో సైన్యంలో పనిచేసినవాళ్ళే. నలుగురిలో ఒకడు! 1973లో బలవంతపు భర్తీ ఆగిపోయింది. మాజీ సైనికుల సంఖ్య తగ్గుతూ వచ్చి, 2011–12 లెక్కకి అది 8 శాతమైంది.

మన ఊళ్ళో చూడండి. పెద్దకులపు కుర్రాడు తాగి కారుతో గుద్దితే "కుర్రతనం, ఏదో జరిగిపోయింది" అంటారు. మనవాడు తాగి పడిపోతే "వాళ్ళ బుద్ధే అంత" అంటారు. వాళ్ళ తప్పు ఒక మనిషి తప్పు. మన తప్పు కులం తప్పు. ఊరివాళ్ళు ఈ మాటంటే మనకి తెలుసు ఎందుకంటున్నారో. మనం కూడా ఆ మాటే ఎందుకు అంటున్నాం?

మళ్ళీ నిలబడింది ఎట్లా?

వాళ్ళు మళ్ళీ నిలబడ్డారు. అందరూ కాదు, చాలామంది. అది ఎట్లా జరిగిందో చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మొదటి చెయ్యి అందించింది సర్కారు కాదు, తోటి సైనికులు.

1970 చివరలో న్యూయార్క్‌లో, యుద్ధాన్ని వ్యతిరేకించిన మాజీ సైనికులు ఒక గదిలో కూర్చుని తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఏం చూశారో, ఏం చేశారో, రాత్రిళ్ళు ఏం కలలొస్తున్నాయో. ఇద్దరు ముగ్గురు మానసిక వైద్యుల్ని పిలిచి, మాకు ఉపదేశం వద్దు, మాతోపాటు కూర్చోండి అన్నారు. ఆ కూర్చోవడంలోంచీ, ఆ పోరాటంలోంచీ పదేళ్ళకి ఒక ఫలితం వచ్చింది. యుద్ధం మనసుకి చేసే గాయాన్ని 1980లో అమెరికా వైద్యులు అధికారికంగా జబ్బుగా ఒప్పుకున్నారు. అంతకుముందు 1979లోనే పెద్దాస్పత్రుల్లో కాకుండా పేటల్లో, మామూలు కొట్టుగదుల్లాంటి చోట్ల, మాజీ సైనికులే పనిచేసే కేంద్రాలు పెట్టించుకున్నారు. జైళ్ళలో ఉన్న సైనికులు జైళ్ళలోనే సంఘాలు పెట్టుకున్నారు. డిశ్చార్జి కాగితాలు మార్పించుకోవడానికి ఒకరి అర్జీ ఒకరు రాసిపెట్టారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి జరిగిన ఒక సంఘటన. న్యూయార్క్ రాష్ట్రంలోనే బఫెలో అనే నగరం. అక్కడ రాబర్ట్ రసెల్ అనే నల్లజాతి జడ్జి మత్తు కేసులు చూసేవాడు. ఒకరోజు వియత్నాంలో పనిచేసి వచ్చిన ఒకాయన బోనులో నిలబడ్డాడు. తలెత్తడు, అడిగినదానికి పలకడు, చికిత్సకి సరిగా పోడు. జడ్జికి ఏం చెయ్యాలో తోచలేదు. కోర్టు సిబ్బందిలో ఇద్దరు పాత సైనికులున్నారు. ఈయన్ని బయటికి తీసుకుపోయి కాసేపు మాట్లాడండని వాళ్ళకి చెప్పాడు. ఓ ఇరవై నిమిషాలకి ముగ్గురూ తిరిగొచ్చారు. ఆ మనిషి సైనికుడిలా నిటారుగా నిలబడి, జడ్జి కళ్ళల్లోకి చూసి, ఇకనుంచి గట్టిగా ప్రయత్నిస్తానన్నాడు. ఈ సంగతి ఆ జడ్జే చెప్పుకున్నాడు. 2008 జనవరిలో ఆయన మాజీ సైనికుల కోసమే ప్రత్యేక కోర్టు పెట్టాడు. తర్వాత ఆ దేశంలో అలాంటివి వందల సంఖ్యలో వచ్చాయి.

ఆ కోర్టు తప్పుని మాఫీ చెయ్యదు. మాటిమాటికీ హాజరు కావాలి, పరీక్షకి మూత్రం ఇవ్వాలి, చికిత్సకి పోవాలి, పోకపోతే జవాబు చెప్పాలి. కానీ ప్రతి ఒక్కరి పక్కనా ఇంకో పాత సైనికుడు తోడుంటాడు. అర్ధరాత్రి తాగాలనిపిస్తే ఫోను చెయ్యడానికి ఒక మనిషి. లెక్క అడగడమూ, తోడుండడమూ రెండూ ఒకేచోట. మనం ఇంతవరకూ ఏం చేశాం? లెక్క అడిగాం. తోడు మాత్రం లేం.

దెబ్బతిన్నవాళ్ళ మాట

ఇంతసేపూ కొట్టినవాడి గురించే మాట్లాడాం. దెబ్బతిన్న తమ్ముడూ ఇక్కడే ఉన్నాడు. వాళ్ళ అమ్మా ఉంది. ఈ సభకి వచ్చేముందు వాళ్ళింటికి పోయి కూర్చున్నాం. పెద్దమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. "జైలు సర్కారు వేసింది. నాకేం వచ్చింది? నా కొడుకు కాలు వచ్చిందా? వాడు నా కొడుకు ముందు కూర్చుని మాట్లాడాలి. అది కాకుండా తాళంచెవి ఇస్తే నేనొప్పుకోను" అంది.

పెద్దమ్మ మాట న్యాయం. యుద్ధం ఆయన నిద్ర పోగొట్టింది నిజం. సైన్యం వాడుకుని వదిలేసింది నిజం. కానీ ఆ రాత్రి గడ్డపార ఎత్తిన చెయ్యి ఆయనదే. అది కూడా నిజం. ఆయనా ఇదే అంటున్నాడు. కులం పేరు చెప్పి మన తప్పుల్ని కప్పుకోవడానికి కాదు మనం సంఘం పెట్టుకుంది. ఆయన చేతిలో తన్నులు తిన్న వదినకీ ఇక్కడ మాట్లాడే హక్కు మనకంటే ఎక్కువుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించినప్పుడు ఎవరి అనుమతీ అడగలేదు. ఆ పోరాటంతో 1993లో సారాని, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997కల్లా సర్కారు రాబడి పోతోందని నిషేధం ఎత్తేశారు. సీసా తెరిచింది మళ్ళీ సర్కారే, భారం మోసింది మళ్ళీ మన ఆడవాళ్ళే. కాబట్టి ఈ తాళంచెవి మీద చివరి మాట ఆడవాళ్ళదే కావాలి.

మేము నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాం.

ఒకటి. వచ్చే ఆదివారం మిలిటరీ అన్న పెద్దమ్మ ఇంటికి పోవాలి. తమ్ముడి ముందు కూర్చోవాలి. సంఘం నుంచి ఇద్దరు సాక్షులుంటారు. పెద్దమ్మ సరే అన్నాకే రెండో మాట.

రెండు. మూడు నెలలు తాళంచెవి ఆయన చేతికిద్దాం. రెండో చెవి మహిళా కమిటీ దగ్గర ఉంటుంది. ఆడపిల్లల్ని ఇళ్ళకి చేర్చేటప్పుడు కమిటీ నుంచి ఒకరు తోడు పోతారు. ఇది ఆయన్ని అవమానించడానికి కాదు. ఎవరికిచ్చినా ఇదే నియమం, మాకిచ్చినా ఇదే. తాగి వస్తే ఆ రోజే చెవి వెనక్కి. అయినా మనిషిని వెలెయ్యం. ఆస్పత్రికి తీసుకుపోతాం.

మూడు. ఈ పనికి సంఘం నెలకి ఇచ్చేది కొద్దిపాటి డబ్బు. మొదటి ఏడాది అందులో సగం తమ్ముడి కాలు వైద్యానికి పోవాలి. ఇది ఆయన తనంతట తానే అడిగింది.

నాలుగు. ప్రతి ఆదివారం సాయంత్రం, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఈ హాల్లో కూర్చుంటారు. మిలిటరీ అన్నే నడుపుతాడు. వాళ్ళకి పంతులు చెప్తే వినరు, మాకు తెలుసు. వణుకు తెలిసినవాడు చెప్తే వింటారు. వాడలో ఇవాళ ఎంతమంది ఇళ్ళల్లో ఆ అవసరముందో మీరెవరూ చెయ్యెత్తి చెప్పక్కర్లేదు. మా ఇంట్లోనూ ఉంది.

బడి అరుగు మీంచి ఆయన్ని దింపింది మేము. అందుకని రేపు సాయంత్రం ఆరింటికి ఆయన్ని వెంటబెట్టుకుని అదే అరుగు మీద మేమూ కూర్చుంటాం. అది మా సొంత విషయం, దానికి ఓటు అక్కర్లేదు. ఈ నాలుగింటి మీద మాత్రం ఓటు కావాలి. ముందు పెద్దమ్మ మాట్లాడుతుంది. తర్వాత వదిన. ఆ తర్వాత అడగదలిచినవాళ్ళు ఎవరైనా మిలిటరీ అన్ననే నేరుగా అడగండి, ఆయనే జవాబు చెబుతాడు. అవయ్యాక చేతులెత్తుదాం.

జై భీమ్!